ఐదు ఎరుపుల సత్రం: వెర్నర్ పాంటన్ గదుల గురించి, మన గోడల గురించి మీ ప్రశ్నలు

కిందటి సంచికలో డెన్మార్క్ డిజైనర్ వెర్నర్ పాంటన్ చేసిన గదుల ఫొటోలు వేశాం. నేల నుంచి కప్పు దాకా ఒకే రంగులో మునిగి ఉన్న గదులవి. వాటిని చూసి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ‘ఎవరీయన?’ అని అడిగాయి. ఎక్కువ ఉత్తరాలు మాత్రం ‘మా ఇంట్లో ఇలా వేయించుకోవచ్చా?’ అని అడిగాయి. రెండు రకాల ప్రశ్నలకూ ఇక్కడే జవాబులిస్తున్నాం.

పాంటన్ అనగానే ఎస్ ఆకారపు ప్లాస్టిక్ కుర్చీ తప్ప ఇంకేమీ తెలియదు. ఆయన కుర్చీల డిజైనరా, ఇంటీరియర్ డిజైనరా? ఆయన కెరీర్ ఎలా సాగింది?
— ఇంటీరియర్ డిజైన్ విద్యార్థిని, విజయవాడ

చదివింది ఆర్కిటెక్చర్. 1926 ఫిబ్రవరి 13న డెన్మార్క్‌లోని ఫ్యూన్ దీవిలో పుట్టారు. తల్లిదండ్రులది సత్రాలు నడిపే వృత్తి. ఒడెన్సేలో సాంకేతిక విద్య, ఆ తర్వాత కోపెన్‌హాగన్ రాయల్ అకాడమీలో ఆర్కిటెక్చర్ పూర్తిచేసి, 1950–52 మధ్య డెన్మార్క్ ఆర్కిటెక్టు ఆర్నే యాకబ్‌సన్ ఆఫీసులో పనిచేశారు. ప్లైవుడ్‌ను వంచి చేసిన ‘యాంట్’ కుర్చీ తయారవుతున్న రోజులవి. ఆ తర్వాత ఒక ఫోక్స్‌వాగన్ వ్యాన్‌నే స్టూడియోగా మార్చుకుని యూరప్ తిరిగారు. తయారీదారులను, డీలర్లను వాళ్ల ఊళ్లకే వెళ్లి కలిశారు. ఈ తిరుగుడును చాలామంది ఒక సరదా ముచ్చటగా రాసి వదిలేస్తారు. మా దృష్టిలో ఆయన కెరీర్‌కు పునాది పడింది అక్కడే. ఎవరు ఏ వస్తువుతో ఏం చేయగలరో ముందే తెలిసిన డిజైనర్ అడిగే పని వేరుగా ఉంటుంది.

అసలు మలుపు 1958లో వచ్చింది. తండ్రి నడుపుతున్న ‘కోమిగెన్’ సత్రానికి లోపలి అలంకరణ చేయాల్సి వచ్చింది. గోడలు, బల్లల మీద గుడ్డలు, వడ్డించే అమ్మాయిల యూనిఫాం, అన్నిటికీ ఎరుపే వాడారు, ఐదు ఛాయల్లో. శంఖువు ఆకారపు ‘కోన్’ కుర్చీ ఈ సత్రం కోసమే పుట్టింది. లేత చెక్క, తెల్ల గోడ అంటే ప్రాణం పెట్టే స్కాండినేవియాలో ఇదొక పెద్ద ధిక్కారం. మరుసటి ఏడాది ఫ్రెడరీసియా వాణిజ్య ప్రదర్శనలో ఏకంగా కప్పుకు తివాచీ పరిచి, ఫర్నిచర్‌ను తలకిందులుగా వేలాడదీశారు. 1960లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో అస్టోరియా హోటల్ చేశారు. ‘జియోమెట్రి’ అని తనే గీసిన డిజైన్ల వరసను అక్కడ గోడకు, నేలకు, కప్పుకు వాడారు.

1960ల మొదట్లో డెన్మార్క్ వదిలి, చివరికి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర స్థిరపడ్డారు. 1969లో హాంబర్గ్‌లోని ‘డెర్ ష్పీగెల్’ పత్రిక భవనం దొరికింది. ప్రవేశ హాలు, క్యాంటీన్, నేలమాళిగలో ఈతకొలను, అంతస్తుకో రంగు చొప్పున నడవలు చేశారు. 1970లో బేయర్ కంపెనీ తన డ్రాలాన్ అనే కృత్రిమ నూలు ప్రచారం కోసం, కొలోన్ ఫర్నిచర్ సంత జరిగే రోజుల్లో, రైన్ నది మీద ఒక పడవను ఆయనకు అప్పగించింది. అదే ‘విజియోనా 2’. నేలేదో సోఫా ఏదో తెలియకుండా, నీలం నుంచి ఎరుపు దాకా అలలుగా సాగే నురగ గుహ అది. 1973లో హాంబర్గ్‌లోనే గ్రూనర్ ఉండ్ యార్ ప్రచురణ సంస్థ పని చేశారు. అదే ఏడు చమురు సంక్షోభం వచ్చింది. ప్లాస్టిక్, నురగ ధరలు పెరిగాయి, జనం అభిరుచి గోధుమ రంగుల వైపు, చెక్క వైపు మళ్లింది. ఆయనకు పని పూర్తిగా ఆగలేదు గానీ పేరు మాత్రం సద్దుమణిగింది. 1984లో కోపెన్‌హాగన్ సర్కస్ భవనానికి రంగులు చేశారు. 1990లలో కొత్త తరం మళ్లీ పట్టించుకుంది. 1998 సెప్టెంబర్ 5న చనిపోయారు. కోల్డింగ్‌లోని ట్రాఫోల్ట్ మ్యూజియంలో తన పనుల ప్రదర్శనకు తనే రంగులు సమకూర్చారు. అది తెరిచేనాటికి ఆయన పోయి రెండు వారాలు కూడా కాలేదు.

మీ మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు: రెండూనూ. దీపాలు లూయీ పౌల్సన్ కంపెనీకి, గుడ్డలు మీరా-ఎక్స్ కంపెనీకి, కుర్చీ విట్రా కంపెనీకి డిజైన్ చేసి ఇచ్చారు. ఏదైనా భవనం చేతికొస్తే ఆ దీపాలు, గుడ్డలు, కుర్చీలతోనే దాన్ని నింపేవారు. అందుకే ఆయన గదిలో ఒక రంగు ఇంకోదానితో పోట్లాడదు. అన్నీ ఒకే చేతి నుంచి వచ్చినవి మరి.

ఫొటోల్లో ముచ్చటగా ఉంది. మా హాల్లో మూడు రంగులు వేయిస్తే మాత్రం పెళ్లి పందిరిలా తయారైంది. ఎక్కడ తప్పింది?
— గృహిణి, తెనాలి

మీరు పంపిన ఫొటోలో ఒక గోడ ఎరుపు, ఎదుటిది ఆకుపచ్చ, పక్కది పసుపు, కప్పు తెలుపు. మూడూ మంచి రంగులే. కానీ పాంటన్ గదిలో ఇలాంటి ఎంపిక దాదాపు కనిపించదు. రంగుల చక్రంలో పక్కపక్కనే ఉండే వాటిని, అంటే ఎరుపు, దాని పక్క నారింజ లేదా ఊదా, ఇలా తీసుకోవడమే ఆయన పద్ధతి. గది వెచ్చగా ఉండాలా చల్లగా ఉండాలా అన్నది ముందే తేల్చుకుని, అటువైపు రంగులతోనే నింపేవారు. ఆ గదుల సాహసం రంగుల లెక్కలో లేదు. తీసుకున్న రెండు మూడింటిని కప్పు దాకా వదలకుండా వేయడంలో ఉంది.

షేడ్ కార్డు చూసే తీరు మార్చండి. కార్డులో ఒక్కో పట్టీలో ఒకే రంగు లేత నుంచి ముదురు దాకా ఉంటుంది. మనవాళ్లు ఒక పట్టీ పట్టుకుని పైదొకటి, కిందదొకటి ఎంచుతారు. అలా చేస్తే ఒకటే రంగు వెలిసినట్టూ వెలవనట్టూ కనిపిస్తుంది. పక్కపక్కనున్న మూడు పట్టీల్లో ఒకే వరసలోవి, అంటే ముదురుతనం సమానంగా ఉన్నవి తీసుకోండి: కుంకుమ ఎరుపు, ఇటుక, నారింజ. ఎరుపుల్లోనే రెండు జాతులున్నాయని మరవకండి. ఒకటి రాణి రంగు వైపు, అంటే నీలం వైపు మొగ్గుతుంది. ఇంకోటి ఇటుక వైపు, అంటే పసుపు వైపు. ఈ రెంటినీ ఒకే గోడ మీద కలిపితే ఒకదాని పక్కన ఇంకోటి మురికి పట్టినట్టు కనిపిస్తుంది. తెల్లకాగితం మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తే క్షణంలో తెలిసిపోతుంది.

మీ హాలుకు మార్గం: ఆకుపచ్చ రంగు తీసేయండి. ఎరుపు, పసుపు మధ్య నారింజను తెచ్చి కప్పుకు వేయండి. మరొక్క మాట. తెల్ల స్విచ్ బోర్డులు ముదురు గోడ మీద అతికించిన స్టిక్కర్లలా కనిపిస్తాయి. ప్లేట్లు మాత్రం బూడిద రంగువో నల్లవో మార్పిస్తే చాలు, బోర్డు మార్చక్కర్లేదు.

పది అడుగులు × పదకొండు అడుగుల గది, ఎత్తు పది. ఇప్పుడు తెల్లగా ఉంది. కుంకుమ ఎరుపు వేయించాలి. పెయింటర్ ‘రెండు కోట్లు చాలు, ఎనిమిది లీటర్లు తెప్పించండి’ అంటున్నాడు. సరిపోతుందా?
— ప్రభుత్వ ఉద్యోగి, కరీంనగర్

సరిపోదు. లెక్క చూడండి. నాలుగు గోడలు కలిపి చుట్టుకొలత 42 అడుగులు, ఎత్తు 10, మొత్తం 420 చదరపు అడుగులు. తలుపు (3×7), కిటికీ (4×4) పోతే సుమారు 380. నునుపు చేసిన గోడ మీద ఒక లీటరు ఎమల్షన్ (నీళ్లతో కలిపే పెయింటు) ఒక కోటుకు 120 చదరపు అడుగుల దాకా వస్తుందనుకుని లెక్క వేసుకోవడం క్షేమం. డబ్బా మీది సంఖ్య ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, అది నమూనా గోడ మీది లెక్క. ఎరుపుకు మూడు కోట్లు తప్పవు కాబట్టి 380 × 3 = 1,140, అంటే తొమ్మిదిన్నర లీటర్లు. పది తెప్పించండి. కప్పుకూ వేయిస్తే ఇంకో మూడు.

మూడు కోట్లు ఎందుకంటే, గోడను కప్పేది తెల్ల పొడి, అంటే టైటానియం డయాక్సైడ్. లేత రంగుల్లో అది దండిగా ఉంటుంది. ముదురు ఎరుపు కలిపే బేస్‌లో, అంటే రంగు కలపకముందు డబ్బాలో ఉండే మూల పెయింటులో, అది దాదాపు ఉండదు, ఉంటే ఎరుపు గులాబీ అయిపోతుంది. పైగా ఎర్ర రంగుపొడి వెలుతురును లోపలికి పోనిస్తుంది. అందుకే తెల్ల గోడ మీద రెండు కోట్లు వేసినా రోలర్ చారలు కనిపిస్తూనే ఉంటాయి. దీనికి పాత మందు: ప్రైమర్‌లో కొంచెం నల్ల స్టెయినర్ (చిక్కటి రంగు ద్రావణం) కలిపి లేత బూడిద రంగు చేయించి అది వేయించడం. లేదా మొదటి కోటుకు చవక ఎమల్షన్‌లో ఇటుక రంగు వేయించడం. అలాచేస్తే ఖరీదైన ఎరుపు రెండు కోట్లతోనే నిలుస్తుంది, ఆరున్నర ఏడు లీటర్లతో గోడలు అయిపోతాయి.

పని వరస ఇలా ఉండాలి. పాత రంగు వేలితో రుద్దితే పొడి రాలుతోందా చూడండి. రాలుతుంటే గీకించాలి. పగుళ్లు, గుంటలు పుట్టీతో, తెలంగాణలో లప్పం అంటారుగా, దాంతో నింపించండి. ఆరాక 180 నంబరు, తర్వాత 320 నంబరు గరుకు కాగితంతో రుద్దించండి. రుద్దిన దుమ్ము తడిగుడ్డతో తుడవాలి. ఈ ఒక్క పని మానేసినందుకే ఆరు నెలలకు రంగు పెచ్చులు లేస్తుంది. పుట్టీ మీద ప్రైమర్ తప్పనిసరి. అది లేకపోతే పుట్టీ పెట్టినచోట రంగును ఎక్కువ పీల్చి, ఆరాక మచ్చలు మచ్చలుగా తేలుతుంది. తెలుపులో ఈ మచ్చ కనపడదు. ఎరుపులో అవతలి గదిలోంచి కూడా కనిపిస్తుంది.

డబ్బాలన్నీ ఒకే రోజు, ఒకే మెషీన్ దగ్గర కలిపించండి. అయినా ఒక్కో డబ్బాకు వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కాబట్టి ఉన్నదంతా ఒక పెద్ద బకెట్‌లో పోసి కలిపాకే మొదలెట్టమనండి. నీళ్లు డబ్బా మీద చెప్పినదానికి మించి పోయనివ్వొద్దు. కోటుకు కోటుకు మధ్య కనీసం నాలుగు గంటలు, ముసురు పట్టిన రోజుల్లో రాత్రంతా వదలాలి. ఫ్యాన్ ఆపాలి. గాలికి అంచులు ముందే ఆరితే, రోలర్ మళ్లీ వచ్చి తగిలినచోట రెండు పొరల గీత పడుతుంది. మూలలు బ్రష్‌తో ముందే గది మొత్తం గీసేసి, గంట తర్వాత రోలర్ మొదలెడితే గోడకు ఫొటో ఫ్రేమ్ కట్టినట్టు అవుతుంది. ఒకరు ఒక గోడ మూల గీస్తుంటే ఇంకొకరు ఆ తడి ఆరకముందే వెనకాలే రోలర్ తిప్పాలి. గోడ మధ్యలో భోజనానికి ఆపకూడదు, మూల దగ్గరే ఆపాలి.

ఒక లీటరు మిగుల్చుకోండి. కానీ గీత పడినచోట మాత్రమే పూస్తే ఆ పూత వేరుగా మెరుస్తుంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడంతా వేయాల్సిందే. అందుకే పిల్లలు తిరిగే గదికి పూర్తి మ్యాట్ వద్దు, చేయి రాసుకున్నచోటల్లా నున్నగా మెరుస్తుంది. తక్కువ మెరుపున్న, కడగడానికి వీలైన రకం తీసుకోండి.

ఎరుపు గదిలో అలంకరణ అద్దం పెట్టకండి. మొహం మీద గోడ రంగు పడి, బయటికెళ్లాక పౌడర్ ఎక్కువైందని తెలుస్తుంది.

కొత్త ఇల్లు. రంగు వేసిన నాలుగు నెలలకే నీలం గోడ కింద మూడడుగుల మేర తెల్లగా ఉప్పు తేలింది. రంగు కంపెనీదే తప్పా?
— పాఠకుడు, భీమవరం

చాలావరకు చెమ్మ తప్పు. ప్లాస్టరింగ్ తర్వాత కనీసం 28 రోజులు, మన గోదావరి జిల్లాల్లో వానాకాలమైతే ఇంకా ఎక్కువ ఆరనివ్వాలి. సిమెంటులో, ఇటుకలో ఉన్న ఉప్పు నీటితో కలిసి బయటికొస్తుంది. నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. తెల్ల గోడ మీదైతే ఇంతే ఉప్పు తేలినా మీరు ఉత్తరం రాసి ఉండేవారు కాదు.

అడుగున్నర చదరం పాలిథిన్ షీటును నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో గోడకు అంటించి ఒక రోజంతా వదలండి. లోపల నీటి చుక్కలు పడితే గోడ ఇంకా తడిదే. గోడకు అవతల బాత్‌రూం ఉంటే టైల్స్ సందులు, పైపు జాయింట్లు ముందు చూపించండి. మూలం ఆగనిదే పైన ఏ కెమికల్ పూసినా దండగ. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే అది మళ్లీ కరిగి లోపలికే పోతుంది.

కప్పుకు కూడా ముదురు రంగు వేస్తే గది గూడులా ఇరుకవదా?
— పాఠకురాలు, అనంతపురం

గోడ ముదురుగా ఉండి కప్పు తెల్లగా ఉంటేనే ఎక్కువ ఇరుకనిపిస్తుంది. ఎందుకంటే గోడ ఎక్కడ ఆగిందో చుట్టూ గీత గీసి చూపించినట్టవుతుంది. రెండూ ఒకే రంగైతే ఆ గీత ఉండదు, కన్ను ఎత్తును కొలవలేదు. పాంటన్ గదుల్లో మూలలు కరిగిపోయినట్టు ఉండటానికి కారణం ఇదే. కప్పుకు మాత్రం మెరుపు లేని మ్యాట్ వాడండి. లేకపోతే స్లాబు ఎగుడుదిగుళ్లన్నీ దీపం వెలుగులో బయటపడతాయి. తొమ్మిదడుగుల లోపు ఫాల్స్ సీలింగ్ ఉన్న చోట మేమైనా జంకుతాం.

షాపులో చూసిన ఎరుపు ఒకటి, రాత్రి ఇంట్లో కనిపించేది ఇంకొకటి. కాఫీ పొడి రంగులా ఉంది. షాపువాడు మోసం చేశాడా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

ముందు బల్బు డబ్బా చూడండి. మన ఇళ్లలో మామూలుగా ఉండేది 6,500 కెల్విన్ తెల్ల లైటు. దాన్లో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. గోడ ఎర్రగా కనిపించాలంటే దీపంలో ఎరుపు ఉండాలి కదా. డబ్బా మీద సీఆర్ఐ, అంటే దీపం రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 80 అని ఉన్నా లాభం లేదు. ఆ లెక్క కట్టే రంగుల్లో ముదురు ఎరుపు లేదు, దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు. చవక ఎల్ఈడీల్లో అది అడుగంటి ఉంటుంది. 2,700–3,000 కెల్విన్ (పసుపు వైపు మొగ్గే వెచ్చటి వెలుతురు), సీఆర్ఐ 90 పైన ఉన్నవి నాలుగు బల్బులు తెచ్చి పెట్టి చూశాకే గోడ సంగతి ఆలోచించండి.

ముదురు గోడ వెలుతురును మింగేస్తుంది. తెల్ల గదికి ఒక 20 వాట్ల ట్యూబు చాలినచోట ఇప్పుడు దాదాపు రెట్టింపు కావాలి. అదీ ఒకేచోట కాదు, నాలుగైదు చోట్ల పంచాలి. పాంటన్ దీపాలు గమనించండి. 1968 నాటి ‘ఫ్లవర్‌పాట్’లో రెండు అర్ధగోళాలు ఎదురెదురుగా ఉంటాయి. కింది చిన్న గిన్నె బల్బును కంటికి కనపడకుండా దాచి, వెలుతురును పై గిన్నె లోపలికి కొడుతుంది. అక్కడి నుంచి తిరిగి వచ్చేది మెత్తటి వెలుతురు. బల్బు నేరుగా కంట్లో పడితే పక్కనున్న ముదురు గోడ నల్లగానే కనిపిస్తుంది.

ఇకముందు రంగు ఎంచేటప్పుడు రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్క మీద రెండు కోట్లు వేయించి, దాన్ని గదిలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో గోడకు ఆనించి చూడండి. నేరుగా గోడ మీద చిన్న మచ్చ వేసి చూస్తే చుట్టూ ఉన్న తెలుపు వల్ల అది ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది.

పాంటన్‌లా గోడకు, కప్పుకు కార్పెట్ అంటించాలని ఉంది. సముద్రానికి దగ్గర్లో ఉంటాం.
— పాఠకుడు, విశాఖపట్నం

వద్దండీ. ఉప్పుగాలి, చెమ్మ కలిస్తే గుడ్డ వెనక బూజు పడుతుంది, వాసన వచ్చేదాకా మీకు తెలియదు. నిప్పు భయం కూడా ఉంది. యాక్రిలిక్ జాతి గుడ్డలు తొందరగా అంటుకుంటాయి. అంతెందుకు, ‘ష్పీగెల్’ ఈతకొలను గది అగ్నిప్రమాదంలోనే పోయింది.

అదే గాఢత్వం కర్టెన్‌తో వస్తుంది. నాలుగడుగుల కిటికీకి అటూ ఇటూ ఒక్కో అడుగు వదిలి ఆరడుగుల రాడ్ వేయండి. మడతలు నిండుగా రావాలంటే దానికి రెట్టింపు, పన్నెండడుగుల వెడల్పు గుడ్డ కావాలి. 48 అంగుళాల పన్నాలో మూడు ముక్కలు. కర్టెన్ కిందికి జారే తొమ్మిదడుగుల పొడవుకు పైనా కిందా మడతలు కలిపి ముక్కకు మూడు మీటర్లు. సాదా గుడ్డయితే తొమ్మిది మీటర్లతో సరి. పెద్ద వలయాల డిజైన్ అయితే, ఆ డిజైన్ ఎన్ని సెంటీమీటర్లకు తిరిగి వస్తుందో కొలవండి. 64 అనుకుంటే మూడు మీటర్లలో అది నాలుగుసార్లు పూర్తిగా వచ్చి ఐదోది మధ్యలో తెగుతుంది. కాబట్టి ముక్కకు ఐదు వలయాలు, 3.2 మీటర్లు, మొత్తం 9.6 మీటర్లు తీసుకోవాలి. ప్రతి ముక్కా వలయం ఒకే చోట మొదలయ్యేలా కత్తిరించమని టైలర్‌కు ముందే చెప్పండి. ఆ అర మీటరు ఆదా చేయబోయి అతుకు దగ్గర సగం చందమామలు కుట్టించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

పడమటి కిటికీ అయితే వెనక తెల్ల లైనింగ్ వేయించండి, లేకపోతే ఎరుపు రెండు వేసవులకు మించి నిలవదు. నేలకు మాత్రం తెల్ల టైల్స్ కనపడకుండా ఐదు × ఏడు అడుగుల వరంగల్ జంపఖానా పరిస్తే పని అయిపోతుంది.

ఆన్‌లైన్‌లో పాంటన్ కుర్చీ ఒకచోట వేలల్లో, ఇంకోచోట అంతకు ఎన్నో రెట్లు ఉంది. తేడా ఏమిటి? విరుగుతుందా?
— పాఠకుడు, నెల్లూరు

కథ కొంచెం పొడుగు, తెలుసుకోదగ్గది. వెనక కాళ్లు లేకుండా ఒకే ముక్కగా ప్లాస్టిక్ కుర్చీ చేయాలన్న ఆలోచన 1950ల చివరిది. చాలామంది తయారీదారులు కాదన్నాక బాసెల్ దగ్గరి విట్రా కంపెనీ ఒప్పుకుంది. 1967లో మొదటి విడత గ్లాస్‌ఫైబర్ కలిపిన పాలియెస్టర్‌తో వచ్చింది. బరువెక్కువ, చేతిపని ఎక్కువ. 1968లో గట్టి పాలియూరిథేన్ నురగకు మారారు. అచ్చులోంచి తీశాక పూడ్చి, రుద్ది, రంగు కొట్టాలి కాబట్టి ఖర్చు తగ్గలేదు. 1971లో అచ్చులో కరిగించి పోసే ప్లాస్టిక్‌కు మారారు. అప్పుడు చవకైంది. కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ ముసలిదై, కుర్చీలు విరగడం మొదలైంది. 1979లో తయారీ ఆపేశారు. బరువంతా పడేది సీటు కిందికి వంగి పాదంగా మారే మలుపు దగ్గర. 1983లో మళ్లీ నురగతో మొదలై, 1999లో పాలీప్రొపిలీన్‌లో వచ్చాక ధర దిగింది, రంగు కూడా పైపూత కాకుండా లోపలి దాకా ఉంది.

అసలు కంపెనీవే రెండు రకాలు: నురగతో చేసి మెరుపు పూత వేసినది ఖరీదైనది, మ్యాట్‌గా ఉండే పాలీప్రొపిలీన్ రకం తక్కువ. ఇంకా చవకగా కనిపించేవి నకళ్లు. నకలు కొనేముందు ఆ మలుపు దగ్గర వేలితో నొక్కి మందం చూడండి, తెల్లటి ఒత్తిడి గీతలున్నాయేమో వెతకండి. నున్నటి నేల మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. ఏ రకమైనా ఎండ తగిలే బాల్కనీలో ఏళ్ల తరబడి వదలకండి. దాని మీద నిలబడి ఫ్యాన్ తుడవొద్దు.

ఇలాంటి గాఢమైన రంగుల పనితో మన దగ్గర కెరీర్ నిలబడుతుందా? క్లయింట్లంతా క్రీమ్, గ్రే అంటున్నారు.
— ఇప్పుడే కోర్సు ముగించిన యువకుడు, వరంగల్

నిలబడుతుంది, రంగు ఒక్కటే అమ్ముదామనుకోకపోతే. ఇంటీరియర్ డిజైనర్‌గా పనిచేయడానికి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. ఆర్కిటెక్టు అని పెట్టుకోవాలంటే మాత్రం 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదై ఉండాలి. విజిటింగ్ కార్డు మీద ఆ మాట తొందరపడి వేయకండి.

రంగుల పనిలో గొడవలన్నీ ఒకేచోట పుడతాయి. ఫోన్‌లో త్రీడీ బొమ్మ చూసి క్లయింటు సరేనంటాడు, గోడ మీద అది రాదు. బొమ్మ మీద సంతకం తీసుకోకండి. పెయింటు వేసిన బోర్డు మీద, వెనక తారీఖు వేసి తీసుకోండి. ప్రతి గదికీ ఒక కాగితం ఉండాలి: ఏ గోడ, ఏ కంపెనీ, షేడ్ కోడ్, బేస్, మెరుపు రకం, ఎన్ని కోట్లు, ఏ బల్బు. మూడేళ్ల తర్వాత అదే ఎరుపు కావాలని ఫోన్ వస్తే ఆ కాగితమే మీకు రెండో పని తెచ్చిపెడుతుంది.

పూర్తి ఇల్లు ఒప్పుకోని క్లయింటుకు పూజగది బయటి గోడో, భోజనాల గదో, మెట్ల మలుపో అడగండి. ఎక్కువసేపు కూర్చోని చోట జనం ధైర్యం చేస్తారు. ఇంకో దారి మీ ఊళ్లోనే ఉంది. పాంటన్‌కు పేరు తెచ్చింది గదులు. ఆ గదుల్లో చాలావరకు ఇప్పుడు లేవు. ఏళ్ల తరబడి ఆయన్ని నిలబెట్టింది దీపాలు, గుడ్డలు, కుర్చీలు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొత్తవాడ నేతగాళ్లతో కూర్చుని, పక్కపక్క రంగుల్లో నాలుగు జంపఖానాల వరస ఒకటి నేయించండి. అద్దకంలో ఏ ఎరుపు నిలుస్తుందో, ఏది తడిస్తే దిగుతుందో తెల్ల గుడ్డతో రుద్ది మీరే పరీక్షించాలి. క్రీమ్ గోడల ఇంట్లోకైనా ఆ జంపఖానా వెళ్లగలదు.

ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాను. పాంటన్ గదులు ఇప్పటికీ ఎక్కడైనా చూడొచ్చా?
— పాఠకురాలు, హాంబర్గ్

మీ ఊళ్లోనే ఉంది. ‘ష్పీగెల్’ 2011లో కొత్త భవనానికి మారినప్పుడు, ఆ క్యాంటీన్‌ను విప్పి హాంబర్గ్ కళలు–చేతిపనుల మ్యూజియానికి తరలించారు. పెద్ద రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. సోమవారం మ్యూజియానికి సెలవు. ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే బాసెల్ సరిహద్దులో, వైల్ ఆమ్ రైన్‌లో విట్రా డిజైన్ మ్యూజియం ఉంది. అక్కడ ఎప్పుడు ఏ ప్రదర్శన ఉందో చూసుకుని వెళ్లండి. క్యాంటీన్‌కు వెళ్లినప్పుడు ఫొటో మాత్రం ఫోన్ ఆటోమేటిక్ సెట్టింగ్‌తో తీయకండి. నారింజ ఎక్కువైందనుకుని ఫోన్ దాన్ని తనే తగ్గించేస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఒకచోట కదలకుండా పెట్టి తీస్తే ఉన్న రంగు కొంతవరకు వస్తుంది.